మూడు బండ్లకు స్టికరింగ్: 11 వేలు, 29 వేలు, 85 వేలు... ఏ కొటేషన్ పట్టుకోవాలి?

గానుగబండి_హనుమకొండ

అందరికీ నమస్తే. మాది హనుమకొండలో చిన్న గానుగ, పల్లి నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె తీస్తాం. మొదట్లో ఒక్క సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ ఉండేది (వెనక డబ్బా కట్టిన బండి), ఇప్పుడు దానికి తోడు ఒక మారుతి ఈకో, ఒక ట్రాలీ ఆటో కూడా వచ్చాయి. పరకాల, నర్సంపేట, జనగామ, హుజూరాబాద్ లైన్లలో రోజూ ఏదో ఒక బండి తిరుగుతూనే ఉంటుంది, కానీ ఏ బండి మీదా మా పేరు లేదు. పైగా ఏస్ డబ్బా మీద పాత ఓనర్ వేయించిన ఐస్‌క్రీం కోన్ బొమ్మ సగం చిరిగి ఇంకా అట్లాగే ఉంది. మొన్న నర్సంపేటలో ఒక పిల్లవాడు చెయ్యి ఊపి బండి ఆపించి ఐస్‌క్రీం అడిగాడట. మా డ్రైవర్ ఆ సంగతి చెప్పి ఒకటే నవ్వు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకని మూడు బండ్లకూ పూర్తిగా స్టికర్ వేయిద్దామని మూడు చోట్ల అడిగాను. ముందు వైపు, పక్కలు, వెనక అన్నీ కలిపి దాదాపు 390 చదరపు అడుగులు తేలింది. మొదటి షాపతను అడుగుకు 28 అన్నాడు, అంటే 11 వేల దాకా. రెండో అతను 75, అంటే 29 వేల పైచిలుకు. హైదరాబాద్‌లో ఒకాయన 220 చెప్పాడు, 85 వేలు దాటుతోంది! ముగ్గురూ జీఎస్టీ వేరే అన్నారు. అదే వినైల్ (స్టికర్ షీటు), అదే బొమ్మ, మరి ఇంత తేడా ఏంది? నేను అనుకున్నది 25 వేల లోపు. ఎవరైనా చేయించినవాళ్లు ఉంటే చెప్పండి, ఈ టెన్షన్‌తో వారం రోజుల నుంచి పని ముందుకు పోవట్లేదు.

రేడియం_కటింగ్

అన్నా, నేను కొటేషన్ ఇచ్చే వైపు కూర్చునేవాణ్ని, వరంగల్‌లోనే ఫ్లెక్సీ, రేడియం పని. షాపు పేరు చెప్పను, గిరాకీ కోసం రాశానని అనుకుంటారు.

అదే వినైల్ కాదు, మూడూ వేరే సరుకులు. 28కి ఇచ్చేది మామూలు మోనోమెరిక్ రోల్, పైన ల్యామినేషన్ (ప్రింట్‌ను కాపాడే పారదర్శక పొర) ఉండదు. 75కి ఇచ్చేది బహుశా పాలిమెరిక్, ల్యామినేషన్‌తో కలిపి. 220ది క్యాస్ట్ వినైల్. మొదటి రెండింటినీ క్యాలెండర్డ్ అంటారు, అంటే పీవీసీ ముద్దను రోలర్ల మధ్య చపాతీ ఒత్తినట్టు ఒత్తి, లాగి తీసిన షీటు. లాగి చేసింది కాబట్టి ఎండ తగిలినప్పుడల్లా వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, అందుకే ఏడాది పోయాక అంచుల దగ్గర నల్లటి గమ్ము గీత బయటపడుతుంది, గమనించే ఉంటారు. మోనోమెరిక్‌లో ఇది ఎక్కువ, పాలిమెరిక్‌లో తక్కువ. క్యాస్ట్ అట్లా కాదు, అది ద్రవంగా పోసి ఆరబెట్టింది, దోశ అనుకోండి. దాంట్లో లాగుడు లేదు కాబట్టి ముడుచుకోదు, మందం కూడా 50 మైక్రాన్ల దగ్గరే, ఎట్లా వంపు తిరిగితే అట్లా కూర్చుంటుంది. క్యాలెండర్డ్ 80 నుంచి 100 దాకా ఉంటుంది, చదును రేకు మీద బాగానే ఉంటుంది కానీ బంపర్ మూలల్లో, లోతు గాడుల్లో బలవంతంగా కూర్చోబెడితే నాలుగు రోజులకే లేస్తుంది.

అయితే మీ పనికి మూడు బండ్లకూ క్యాస్ట్ అక్కర్లేదు. డబ్బా అంటే చదునే కదా. అసలు పూర్తిగా చుట్టాల్సిన పనే లేదు. ఏస్ క్యాబిన్ మీద ఎందుకు స్టికర్? ఎదురుగా వచ్చేవాడు మీ పల్లికాయ బొమ్మ చూస్తాడా, హెడ్‌లైటు చూస్తాడా? చూసేది వెనక బండివాడు, పక్కన సిగ్నల్ దగ్గర ఆగినవాడు. డబ్బా రెండు పక్కలు, వెనక తలుపు, అంతే. పైకప్పు, బానెట్ లాంటి పడుకుని ఉన్న చోట్ల ఎండ నేరుగా పడుతుంది, నిలువు పక్కల కంటే చాలా ముందే పాడవుతుంది, కంపెనీలు కూడా అక్కడికి వారంటీ తక్కువే ఇస్తాయి.

ఈకో తెల్లదా? తెల్లదైతే ప్రింటే వద్దు, రంగు వినైల్‌ను ప్లాటర్ (కోసే మిషన్) మీద అక్షరాలుగా కోయించి అంటించండి. బండి తెలుపే మీకు బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది, వంపుల గొడవ ఉండదు.

ఇంకో మాట, షాపులో రోల్ వెనక పేపర్ చూపించమనండి. త్రీఎం, ఏవరీ లాంటి వాటికి ఆ పేపర్ మీద పేరు ప్రింటై ఉంటుంది. నోటితో బ్రాండ్ పేరు చెప్పి తెల్ల పేపర్ రోల్ తీస్తే అర్థం చేసుకోండి. ప్రింట్ కొట్టిన వెంటనే ల్యామినేషన్ వేసేవాళ్ల దగ్గరా జాగ్రత్త. సాల్వెంట్ ఇంకు కనీసం ఒక రోజు ఆరాలి, లేకపోతే లోపల చిక్కిన సాల్వెంట్ గమ్మును మెత్తబరుస్తుంది, అంచులు లేచిపోతాయి. "సాయంత్రానికే ఇచ్చేస్తా అన్నా" అనేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

పాలవ్యాన్_కరీంనగర్

పై తమ్ముడు చెప్పింది సరైందే కానీ అడుగు రేటు పట్టుకుని కొట్లాడుకుంటే లెక్క ఎప్పటికీ తేలదు. నా అనుభవం రాస్తాను, కొంచెం పొడుగు.

మాది పాల వ్యాను, 110 అడుగుల స్టికర్ పడుతుంది. మొదటిసారి ఒక చోట 25 రేటుకు చేయించాను, 2,750 అయింది, భలే చవక అనుకున్నాను. ల్యామినేషన్ లేదు. మా లోగో ఎరుపు. మే నెల దాటేసరికి గులాబీ రంగుకు దిగింది, మరుసటి సంక్రాంతికి ఎరుపు ఎక్కడుందో వెతుక్కోవాలి, నీలం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. పసుపు, ఎరుపు ఇంకులు ఎండకు ముందుగా పోతాయట, అప్పుడెవరూ చెప్పలేదు. 13 నెలలకు తీయించాల్సి వచ్చింది. హీట్ గన్‌తో గీకి, గమ్ము కడిగి తీసినందుకు 1,500. బండి రెండు రోజులు షాపులో, పాలు ఆగవు కదా, కిరాయి వ్యాను రోజుకు 2 వేలు, రెండు రోజులకు 4 వేలు. అంటే స్టికర్ 2,750, దాని చుట్టూ ఖర్చు 5,500.

ఇదే పని రెండోసారి కూడా చేశాను, తెలివి రాలేదు. మూడోసారి కూర్చుని లెక్కేశాను. చవకది మూడేళ్లలో మూడుసార్లు: 8,250 ఇంటూ 3, మొత్తం 24,750, నెలకు 690 దగ్గర. ల్యామినేషన్‌ది 80 రేటుకు ఒక్కసారి: 8,800, దానికి తీసే ఖర్చు, కిరాయి వ్యాను కలిపితే 14,300, మూడేళ్లకు పంచితే నెలకు 400 లోపు. ఇప్పుడున్నది మూడో వేసవి చూస్తోంది, కొంచెం వెలిసింది, ఇంకా బాగానే కనబడుతోంది. కాబట్టి మీరు అడగాల్సింది అడుగుకు ఎంత అని కాదు, బండి ఎన్ని రోజులు నిలబడాలి, ఎన్ని నెలలకు మళ్లీ నిలబడాలి అని.

ఇక డిజైన్ గోల. మా వాట్సాప్‌లో తెలుగు టైప్ చేసి పంపాను, "స్వచ్ఛమైన పాలు" అని. షాపులో కంప్యూటర్‌లో అతికించేసరికి చ కింది ఛ వత్తు ఊడి పక్కన పడింది. ఆ పిల్లవాడు చూసుకోలేదు, నేను ఫోన్‌లో చిన్న ఫొటో చూసి ఓకే అన్నాను. 110 అడుగుల మీద తప్పు అక్షరం! రోజూ మా వీధిలో తెలుగు సారు ఇంటి ముందు నుంచే పోవాలి, ఆయన ఏమీ అనడు, అద్దాల పైనుంచి చూస్తాడు అంతే. చాలా షాపుల్లో ఇంకా అను ఫాంట్లే (పాత డీటీపీ తెలుగు ఫాంట్లు) వాడతారు, మన ఫోన్‌లో ఉండేది యూనికోడ్, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వేస్తే వత్తులు చెదురుతాయి. మళ్లీ అక్కడే కూర్చుని టైప్ చేయించండి, తర్వాత అక్షరాలను కర్వ్స్‌లోకి మార్పించి (అప్పుడు అవి బొమ్మలాగా అవుతాయి, ఫాంట్ మారినా చెదరవు), ఏ4 పేపర్ మీద ప్రింట్ తీసుకుని ఇంటికి తెచ్చి చదవండి. డిజైన్ ఫైలు కూడా అడిగి తీసుకోండి, లేకపోతే రేపు ఒక్క ముక్క చిరిగినా మళ్లీ అతని దగ్గరికే పోవాలి.

నర్సంపేట_రోడ్

ఇంత లెక్క దేనికి? పెయింటర్‌ను పిలిచి ఎనామిల్‌తో పేరు, నంబర్ రాయిస్తే అయిపోయె. మా డీసీఎంకు రాయించి నాలుగేళ్లు, ఒకసారి టచప్ అంతే. గీత పడ్డా గీత పడ్డంత మేరే పోతుంది, స్టికర్ లాగా మూల లేచి గాలికి టపటపా కొట్టుకోదు. పల్లికాయ ఫొటో చూసి ఎవడూ నూనె కొనడు అన్నా, పేరు చూసి కొంటాడు.

రేడియం_కటింగ్

మా కడుపు మీద కొడుతున్నావు అన్నా, అయినా నిజమే, ఒక్క పేరూ ఫోన్ నంబరే కావాలంటే చెయ్యి తిరిగిన పెయింటర్‌ను మించింది లేదు. సమస్య ఏమిటంటే మూడు బండ్ల మీద మూడు రకాల "గ" వస్తుంది, రేపు నాలుగో బండి కొంటే ఆ పెయింటర్ దొరకడు. సీసా మీద లేబుల్ ఎట్లా ఉందో బండి మీద అట్లాగే ఉండాలనుకుంటే వినైల్ తప్పదు.

అక్షరాల సైజు మాత్రం ఇద్దరికీ ఒకటే లెక్క. 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చొప్పున వేసుకోండి, 50 అడుగుల దూరం నుంచి చదవాలంటే 5 అంగుళాలు. మనకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఆ 5 అంగుళాలు అసలు అక్షరానికే, వత్తును కలుపుకుని కాదు. నిన్న ఒకాయన వచ్చి డబ్బా పక్కన 14 రకాల సరుకుల పేర్లు, ముగ్గురు దేవుళ్ల ఫొటోలు, క్యూఆర్ కోడ్ పెట్టమన్నాడు. కదిలే బండి మీద క్యూఆర్ కోడ్ ఎవరు స్కాన్ చేస్తారు అంటే "ఆగినప్పుడు" అన్నాడు. పెట్టాను, పైసలు ఆయనవి.

గానుగ అన్నా, మీ డబ్బా రేకు చదునుగా ఉందా, నిలువు గాడులు ఉన్నాయా? గాడులుంటే చెప్పండి, లెక్క మారుతుంది. రివెట్లు ఎక్కువున్నా అంతే, రివెట్ తల చుట్టూ వినైల్ గుడారం లాగా లేస్తుంది, దాన్ని పొడిచి, వేడి చేసి, చుట్టూ బ్రష్‌తో ఒత్తాలి, ఒక్కో రివెట్‌కు చేయాలి. ఆ ఓపిక లేనివాడు స్క్వీజీతో (ఒత్తే ప్లాస్టిక్ పలక) ఒక్క గీకు గీకి వదిలేస్తాడు.

ఫారాలు_నింపేవాడు

ఆర్టీఏ ఆఫీసు బయట నా పని. డబ్బుల సంగతి మీరు చూసుకుంటున్నారు కాబట్టి చలాన్ల సంగతి నేను చెప్తా, ఇదీ బడ్జెట్‌లోదే.

ఆర్సీలో రంగు అని ఒక గడి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. పక్కల మీద పేరు, బొమ్మ వేస్తే ఎవరూ ఏమీ అనరు, కానీ తెల్ల ఈకోను మొత్తం ఆకుపచ్చ వినైల్‌తో చుట్టేస్తే అది రంగు మార్చినట్టే, ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఈకో వెనక అద్దం మీద చిల్లుల షీటు (వన్ వే విజన్) వేస్తామని షాపువాళ్లు ఊరిస్తారు, వద్దు. ముందు, వెనక అద్దాల నుంచి 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు రావాలని కేంద్ర మోటారు వాహనాల రూల్ 100 చెప్తుంది, అద్దాలకు ఫిల్ములు అంటించడం మీద 2012లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆ ప్రింట్ షీటులో 70 శాతం వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది? నంబర్ ప్లేటు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపులు కూడా కప్పొద్దు, డిజైన్ గీసే పిల్లలు అవి ఉన్నాయనే మర్చిపోతారు.

జీఎస్టీ 18 శాతం చూసి బిల్లు లేకుండా చేయించకండి. మీకు జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లులో వేయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది (ఇక్కడ కట్టిన పన్ను మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది), కాంపోజిషన్‌ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) ఉంటే రాదు.

గానుగబండి_హనుమకొండ

అందరికీ దండాలు. నిన్న పొద్దున టేపు పట్టుకుని కూర్చున్నాను, మా ఆవిడ నోట్‌బుక్‌లో రాసింది.

ఏస్ డబ్బా చదును రేకే, గాడులు లేవు, రివెట్లు అంచుల వెంబడే ఉన్నాయి. పక్క 7 అడుగులు ఇంటూ 5, రెండు పక్కలు 70. వెనక తలుపు నాలుగున్నర ఇంటూ 5, అంటే 22.5. ట్రాలీ ఆటో పక్క పలకలు, వెనక డాల కలిపి 16. మొత్తం 108.5, వేస్టేజీ పది శాతం కలిపి 120 అడుగులు పెట్టుకున్నాం. 75 చెప్పినతనితో మాట్లాడాను, రోల్ వెనక పేపర్ చూపించమంటే ఒక చూపు చూశాడు గానీ చూపించాడు, పేరు ఉంది. 120కి 9 వేలు, జీఎస్టీ 1,620. ఈకోకు అక్షరాలు కోసి అంటించడానికి అంతా కలిపి 3,500. డిజైన్ 2,500, ఫైలు ఇస్తానన్నాడు. పాత ఐస్‌క్రీం తీయడానికి 1,500. ఇక్కడికి 18,120. కిరాయి బండి రెండు రోజులు 3,600 వేస్తే 21,720. తర్వాత చిరిగితే అతుకులకు ఒక 3 వేలు పక్కన పెట్టాను. 390 అడుగుల నుంచి 120కి దిగుతామని మొదట్లో ఎవరైనా చెబితే నమ్మేవాణ్ని కాదు.

ఇంకా రెండు అనుమానాలు. ఒకటి, మాది నూనె బండి. డబ్బాలు దింపే పిల్లల చేతులు ఎప్పుడూ జిడ్డే, వెనక తలుపు గడియ చుట్టూ రేకు వేలితో ముట్టుకుంటే జారుతుంది, అక్కడ స్టికర్ నిలుస్తుందా? రెండోది, ఐస్‌క్రీం కోన్ మూల ఒకటి నేనే గోటితో పీకి చూశాను, స్టికర్ కింద పెయింట్ కొత్తదానిలా ముదురు నీలంగా ఉంది, చుట్టూ వెలిసిపోయి ఉంది. అంటే బొమ్మ తీసినా కోన్ ఆకారం అట్లాగే కనబడుతుంది కదా?

రేడియం_కటింగ్

జిడ్డు సంగతి అడిగి మంచి పని చేశారు, చాలామంది చెప్పరు, రెండు నెలలకు స్టికర్ లేస్తే షాపు మీదికి వస్తారు. ముందు రోజు సర్ఫు నీళ్లతో రెండుసార్లు కడిగించండి, అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ఒక గుడ్డతో తుడిచి అది ఆరేలోపే ఇంకో పొడి గుడ్డతో. అదే మురికి గుడ్డతో తిప్పి తిప్పి తుడిస్తే నూనెను పూసినట్టే. కిరోసిన్, పెట్రోల్ గమ్ము తీయడానికి వాడతారు, అది అయ్యాక మాత్రం ఆల్కహాల్ తప్పనిసరి, వాటి జిడ్డు కూడా జిడ్డే. అయినా గడియ చుట్టూ ఒక జానెడు వదిలేయమనండి, డిజైన్‌లోనే. రోజుకు నలభైసార్లు నూనె చెయ్యి పడే చోట ఏ వినైల్ నిలవదు. పక్కల్లో కూడా పైనా కిందా ఒక అంగుళం వదిలితే 5 అడుగుల రోల్‌లో ఒక్క ముక్కగా వచ్చేస్తుంది, మధ్యలో జాయింట్ ఉండదు, అంచు రివెట్లూ తప్పుతాయి.

పని నీడలో, పొద్దున్నే పెట్టించండి. ఇక్కడ ఎండలో మధ్యాహ్నం నిలబడ్డ రేకు మీద వినైల్ వేస్తే ముట్టుకోగానే అతుక్కుపోతుంది, సరిచేద్దామని లాగితే సాగుతుంది. వారం దాకా ప్రెషర్ వాటర్ కొట్టొద్దు. మేడారం జాతర ముందు, ఎన్నికల ముందు మాత్రం ఏ షాపుకూ పోకండి, మాతో సహా. అప్పుడు ఒక రోజు ఆరబెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

కోన్ ఆకారం పోదు, అది ఎండకు వెలిసిన తేడా, మీరు చూసింది కరెక్టే. రబ్బింగ్ కొట్టించినా పూర్తిగా పోదు. మామూలు తెల్ల గమ్ము వినైల్ వేస్తే ముదురు నీలం కింద నుంచి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ముఖ్యంగా మీ డిజైన్‌లో తెలుపు, పసుపు ఎక్కువుంటే. గ్రే గమ్ము ఉన్న వినైల్ అడగండి, అది కింద రంగును పైకి రానివ్వదు. రేటు కొంచెం ఎక్కువ చెప్తాడు, అన్ని పక్కలకూ అక్కర్లేదు. కోన్ ఎన్ని పక్కల ఉంది?

గానుగబండి_హనుమకొండ

ఎడమ పక్క ఒక్కటే. కుడి పక్క కుల్ఫీ ఉండేదట, అది నేను కొనకముందే ఊడిపోయింది. ఇప్పుడే పోయి చూసి వచ్చాను, ఎండకు అడ్డంగా పెట్టి చూస్తే కుల్ఫీ పుల్ల కనబడుతోంది. రెండు పక్కలకూ గ్రే గమ్ముదే చెప్తాను.